బరువు మిషన్‌కు తెలియని సంగతి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన బుధవారం హెల్త్ చెకప్‌లో పిల్లల బరువులు వరుసలో అందరికీ వినపడేలా చదివి రాయించడం మా తప్పు. ఇకమీదట ఒక్కొక్కరినీ విడిగా చూస్తాం. అయితే ఆ లిస్టు ఫొటో సాయంత్రానికే వాట్సాప్ గ్రూపులో తిరిగింది, "మీవాడు యాభై ఎనిమిదా?" అని అడిగింది పెద్దవాళ్లే. మర్నాడు ఎనిమిదో తరగతి పాప ఒకతె లంచ్ బాక్స్ మూతైనా తీయలేదు. దయచేసి ఆ ఫొటో తీసేయండి.

బరువు మిషన్‌కు తెలియని సంగతి ఒకటుంది: కొవ్వంతా ఒకటి కాదు. చర్మం కింద, వేళ్లతో పట్టుకుంటే చిక్కేది ఒకటి. పొట్ట లోపల కాలేయం, పేగుల చుట్టూ పేరుకునే విసరల్ ఫ్యాట్ వేరు. పెద్దయ్యాక షుగర్, గుండె జబ్బుల ముప్పు పెంచేది ఎక్కువగా ఇదే. మన దేశంలో సన్నగా కనిపించే వాళ్లలోనూ ఇది ఉంటుంది. అందుకే "మావాడు బక్కగానే ఉన్నాడు, ఆటలెందుకు" అనే ఇళ్ల గురించి కూడా నాకు టెన్షనే. పసిపిల్లల భుజాల మధ్య బ్రౌన్ ఫ్యాట్ అని ఇంకోటి ఉంటుంది, అది వేడి పుట్టించి ఒంటిని వెచ్చగా ఉంచుతుంది.

రోజూ పరుగెత్తి ఆడితే, బరువు తగ్గకపోయినా లోపలి కొవ్వు తగ్గుతుంది. ఇంట్లో పిల్లలతో సిటప్స్ తీయించేవారికి ఒక మాట: వాటితో పొట్ట కండరం గట్టిపడుతుంది, కొవ్వు మాత్రం ఆ చోటనే ఏరి కరగదు. ఒళ్లంతా కదలాలి.

మన ఏడో తరగతి బాబు ఒకడు జూన్‌లో గ్రౌండ్ చుట్టూ ఒక్క రౌండు పూర్తిచేయలేక వేపచెట్టు కింద కూర్చునేవాడు. ఇప్పుడు ఆరు రౌండ్లు! బరువు అంతే ఉంది, బెల్టు మాత్రం రెండు రంధ్రాలు లోపలికి వచ్చింది. పాత రంధ్రం దగ్గర తోలు మీద బకిల్ గీత ఇంకా ఉంది. అది నాకు చూపించాలని ఇంటర్వెల్ అంతా ఆఫీసు బయటే నిలబడ్డాడు. ఆ గీత ముందు ఏ ర్యాంకు కార్డైనా నాకు తక్కువే. మన కబడ్డీ అమ్మాయిల సంగతి మొదలుపెడితే ఈ ఉత్తరం చాలదు.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన పీటీ పీరియడ్ 40 నిమిషాలు, అదీ వారానికి మూడు రోజులే. దాన్ని కూడా మ్యాథ్స్‌కు ఇమ్మని ఉత్తరాలు రాస్తున్నారు. మీ ఆదుర్దా అర్థమవుతుంది, కానీ ఇవ్వను. పక్క వీధి నుంచి కూడా కారులోనే గేటు దాకా దించేవారు పిల్లల్ని కాస్త నడవనివ్వండి. పొద్దున హడావిడి మాకూ తెలుసు, అయినా రోజూ బాక్సులో చిప్స్ ప్యాకెట్టేనా? పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పళ్లే ఉండాలని చెప్పే జాతీయ పోషకాహార సంస్థ మన హైదరాబాద్ తార్నాకలోనే ఉందండీ.

ఎస్ఏ-1 పరీక్షల టైమ్‌టేబుల్ డైరీలో అంటించాం. బతుకమ్మకు తంగేడు, గునుగు పూలు శుక్రవారం పొద్దున్నే పంపండి. బస్సు ఫీజు బాకీలు ఈ నెలలోనే కట్టేయండి.

పరీక్షల వారంలోనూ పీటీ ఉంటుంది. ఆ రోజుల్లో చెప్పులు కాదు, బూట్లు వేసి పంపండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు