దత్తత ఉత్తర్వు రాకముందే తండ్రికి న్యాయసహాయం అందాలి

సంపాదకులకు నమస్కారం.

పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డను దత్తతకు అప్పగించే అధికారం మన దత్తత నిబంధనల ప్రకారం తల్లి ఒక్కరిదే. అక్కడ తండ్రి సంతకంతో పని లేదు. తల్లి గోప్యతను కాపాడే ఈ ఏర్పాటును నేను తప్పుపట్టడం లేదు. తండ్రికి నోటీసు ఇవ్వకుండానే అవివాహిత తల్లి బిడ్డకు సంరక్షకురాలు కావచ్చునని 2015లో సుప్రీంకోర్టు చెప్పినదీ సబబే. నా బాధల్లా, బిడ్డను తానే పెంచుకుంటానని ముందుకు వచ్చే తండ్రి ఎవరి గుమ్మం ఎక్కాలో చెప్పే నాథుడు లేకపోవడం గురించి.

ఇలాంటి విషయాల్లో గడువే ప్రాణం. బిడ్డను అప్పగించాక నిర్ణయం మార్చుకోవడానికి చట్టం ఇచ్చేది రెండు నెలలు. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వులు కలెక్టర్లే ఇస్తున్నారు, వాటిపై అప్పీలుకు ఉన్నది 30 రోజులు. దత్తత వివరాలన్నీ గోప్యం కనుక, ఉత్తర్వు ఎప్పుడు వెలువడిందో కూడా తెలియని తండ్రికి ఆ 30 రోజులు ఉన్నా లేనట్టే. తన అనుమతి లేకుండా బిడ్డను ఇచ్చేశారని తిరువనంతపురంలో ఒక తల్లి పోరాడినప్పుడు, డీఎన్ఏ పరీక్ష తరువాత 2021 నవంబరులో కుటుంబ న్యాయస్థానం బిడ్డను ఆమెకు అప్పగించింది. అప్పటికి తుది ఉత్తర్వు రాలేదు. దత్తతకు ముందు దశలో ఆ పసివాణ్ణి సాకినది మన ఆంధ్రప్రదేశ్ దంపతులే. వారిని తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. తండ్రి అభ్యర్థన ఆలస్యంగా వచ్చినా ఇటువంటి కోతే మరొక ఇంటికి తప్పదు.

1987 నాటి న్యాయసేవల చట్టం స్త్రీలకూ పిల్లలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. పురుషుడైతే ఎస్సీ, ఎస్టీల వంటి కొన్ని వర్గాలకు చెందినవాడై ఉండాలి, లేదా ఆదాయ పరిమితికి లోబడాలి. ధ్రువపత్రం కోసం కార్యాలయాల చుట్టూ తిరిగేసరికే పుణ్యకాలం గడిచిపోతుంది. పితృత్వం కోరుతూ వచ్చే అర్జీలకైనా ఈ ఆదాయ విచారణను పక్కన పెట్టి, జిల్లా న్యాయసేవాధికార సంస్థ వెంటనే న్యాయవాదిని నియమించాలి. ఆ అర్జీని సీల్డు కవరులో, అప్పగించిన బిడ్డల బాగోగులు చూసే బాలల సంక్షేమ సమితికి చేర్చాలి. తల్లి చిరునామా మాత్రం ఏ దశలోనూ అర్జీదారుకు తెలియరాదు. అత్యాచారం కేసుల్లోని నిందితులకు ఈ వెసులుబాటు ఉండకూడదని వేరే చెప్పనక్కరలేదు.

ఈలోగా ప్రసూతి ఆసుపత్రుల్లోనూ సమితి కార్యాలయాల్లోనూ న్యాయసహాయం హెల్ప్‌లైన్ 15100 నంబరును అందరికీ కనబడేలా రాయించవలసిందిగా రెండు రాష్ట్రాల న్యాయసేవాధికార సంస్థలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం