పొట్టు పడిన కంట్లో ఆ చుక్కలు వేయకండి

సంపాదకులు గారికి నమస్కారం.

మా పెన్నా ఆయకట్టులో కోతల కాలం వచ్చిందంటే కన్ను ఎర్రబడి, తువ్వాలు అడ్డం పెట్టుకుని తిరిగేవాళ్లు ఊరికి ఒకరిద్దరు కనిపిస్తారు. రెండేళ్ల క్రితం మా చిన్నాయన వాళ్లలో ఒకడు. కళ్లంలో ధాన్యం తూర్పారబడుతుంటే కంట్లో వరి పొట్టు పడింది. మర్నాడు నీరు కారుతుంటే మందుల షాపుకు వెళ్లాడు. వాళ్లిచ్చిన చుక్కలు వేస్తే సాయంత్రానికి ఎర్రదనం తగ్గింది. హమ్మయ్య అనుకున్నాం. పదో రోజుకు నల్లగుడ్డు మీద నూక గింజంత తెల్లమచ్చ లేచింది. వెలుతురు చూస్తే విలవిల్లాడిపోయాడు. కంటి డాక్టరు ఆ సీసా తిప్పి చూసి, అది స్టిరాయిడ్ అని చెప్పారు.

నల్లగుడ్డును కప్పి అద్దంలా ఉండే కార్నియా మందం అర మిల్లీమీటరే. అందులో రక్తనాళాలు ఉండవు. చూపు తేటగా ఉండేది అందువల్లే, కానీ దెబ్బ తగిలితే రక్షణ నిదానంగా అందేదీ అందువల్లే. పొట్టు గీరిన చోట ఫ్యూజేరియం, ఆస్పర్‌జిల్లస్ లాంటి బూజు నాటుకుంటుంది. ఇవి మట్టిలో, పైరు మీద ఉండేవే. స్టిరాయిడ్ చుక్కలు ఎర్రదనాన్ని అణుస్తాయి తప్ప బూజును చంపవు. పైగా ఒంటి కాపలాను నిద్రపుచ్చి దాన్ని లోపలికి పాకనిస్తాయి. ఈ జబ్బుకు వేయాల్సింది బూజును చంపే నాటమైసిన్ లాంటి మందు. అదీ మొదట్లో గంటగంటకూ, వారాల తరబడి వేయాలి. ఆలస్యమైతే పుండు మానినా పువ్వు, అంటే చూపుకు అడ్డుపడే తెల్లమచ్చ, మిగిలిపోతుంది. చిన్నాయనకు అదే మిగిలింది. ఇప్పుడు ఎదురుగా వచ్చే మనిషిని గొంతు విని గుర్తుపడుతున్నాడు, రెండో కంట్లో శుక్లం ముదిరింది కాబట్టి.

పసరు పిండడం, చనుబాలు పోయడం ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. అవీ మానాలి. కానీ నా బాధంతా ఆ చుక్కల గురించే. డెక్సామెథసోన్, ప్రెడ్నిసోలోన్ లాంటి స్టిరాయిడ్ చుక్కలు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందులు. చీటీ అడిగే షాపు మా చుట్టుపక్కల నేను చూడలేదు.

ఔషధ నియంత్రణ అధికారులు కోతల నెలల్లోనైనా పల్లె షాపులు తనిఖీ చేయాలి. ధాన్యం కొనుగోలు కేంద్రాల దగ్గర ఒక బోర్డు పెట్టించాలి: కంట్లో పొట్టు పడితే నులమకండి, శుభ్రమైన నీళ్లతో కడగండి, మర్నాటికీ నొప్పి ఉంటే కంటి డాక్టరు దగ్గరికే వెళ్లండి అని. కోతమిషను మీద, కళ్లంలో పనిచేసే కూలీలకు కంటి అద్దాలు ఇప్పించాలి. ఎడగారు (రెండో పంట) కోతలు మొదలయ్యేలోపే ఈ పని జరగాలని జిల్లా కలెక్టరు గారిని మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక రైతు,
కోవూరు మండలం, నెల్లూరు జిల్లా