చిట్టికి, తాహో ప్రయాణం గురించి

చి.ల.సౌ. చిట్టికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. అమ్మ మోకాలి నొప్పి మామూలే. ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నా నాన్నా" అంటున్నావు, అందుకని కాగితం మీద రాస్తున్నాను. పక్కింటి చిన్నా ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపుతానన్నాడు. అక్షరాలు కనపడకపోతే పెద్దవి చేసుకుని చదువు, మధ్యలో వదిలెయ్యకు.

మొన్న ఆదివారం రావులపాలెం అత్తయ్య వచ్చింది. స్కూళ్లు తెరిచేలోపు, ఆగస్టు మొదటి వారంలో మీరు తాహో సరస్సుకి వెళ్తున్నారని, ఆర్‌వీ, అదే లోపలే వండుకుని పడుకునే పెద్ద బండి, అద్దెకి మాట్లాడుకున్నారని మాటల్లో చెప్పింది. వాళ్లమ్మాయికి నువ్వే చెప్పావట. మంచిదే, పిల్లలు నాలుగు రోజులు చెట్ల కింద తిరుగుతారు. "నలుగురికి కాదన్నయ్యా, ముగ్గురికే" అని కూడా అంది. అమ్మ వంటింట్లో ఉంది, వినలేదు. నేను విన్నాను. ఆ సంగతి తర్వాత రాస్తాను, ముందు ప్రయాణం గురించి.

చిన్నా చేత మ్యాపు తీయించి చూశాను. ఆ సరస్సు సముద్రమట్టానికి 6,225 అడుగుల ఎత్తున ఉంది. మన అరకు కన్నా రెండింతలు. మీ ఊరు ఫ్రీమాంట్ నుంచి ఒక్క పూటలో అంత ఎత్తు ఎక్కేస్తారు కాబట్టి మొదటి రోజు తలనొప్పి, ఆయాసం రావచ్చు. పిల్లల చేత నీళ్లు బాగా తాగించు, ఆ రోజు పరుగులు పెట్టనివ్వకు. అంత ఎత్తులో నీళ్లు 93, 94 డిగ్రీలకే మరిగిపోతాయి. గిన్నెలో పెడితే కందిపప్పు ఎంతసేపటికీ పలుకుగానే ఉంటుంది. చిన్న కుక్కర్ పట్టుకెళ్లు.

లోతు 1,645 అడుగులు. ధవళేశ్వరంలో ముప్పై ఏళ్లు గేజీ చూసి మట్టం రాసినవాణ్ణి నేను. 17.75 అడుగులకి వస్తే మూడో ప్రమాద హెచ్చరిక, లంకల్లో వాళ్ల గురించి రాత్రంతా మేలుకునేవాళ్లం. మట్టం వేరు, లోతు వేరు, అది నాకు తెలుసు. అయినా ఆ అంకె చదివాక నాకు నిద్ర పట్టలేదు. వరద గోదావరి ఎర్రగా ఉంటుంది, చూస్తేనే ఎవరికైనా భయం పుడుతుంది. తాహో నీళ్లు అద్దంలా ఉంటాయి, ఎంతో లోతున ఉన్న రాయి కూడా పక్కనే ఉన్నట్టు కనపడుతుంది. మోకాల్లోతే కదా అని బుజ్జిగాడు అడుగేస్తాడు. ఆగస్టులో కూడా పైనీళ్లు ఇరవై డిగ్రీలకి అటూ ఇటూ, అడుగున ఏడాది పొడుగునా నాలుగు డిగ్రీలే. చన్నీళ్లలో హఠాత్తుగా పడితే మనిషి ముందు గట్టిగా ఊపిరి లాగుతాడు, ఆ ఊపిరితోనే నీళ్లు లోపలికి పోతాయి. గజ ఈతగాళ్లకి కూడా అంతే. పడవ కదులుతుంటే పదమూడేళ్ల లోపు పిల్లలకి లైఫ్ జాకెట్ ఉండాలని మీ కాలిఫోర్నియాలో చట్టమే ఉంది. పెద్దవాళ్లకి జాకెట్ పడవలో ఉంటే చాలంటారు. చాలదు, నువ్వూ వేసుకో. మధ్యాహ్నానికి అక్కడ గాలి లేస్తుంది, ఆ బల్లల మీద నిలబడి తెడ్డు వేసేవాళ్లని సరస్సు మధ్యకి తోసేస్తుంది. పడవ ముచ్చట ఏదున్నా పొద్దున్నే కానిచ్చెయ్యండి. ఒకరు నీళ్లలో ఉంటే ఒకరు గట్టు మీద ఉండి చూడాలి. ఇద్దరు పిల్లలు, నువ్వొక్కదానివి. ఎవరు చూస్తారు?

బండి పాతిక అడుగుల పొడుగట. అది నువ్వే నడుపుతావా? నువ్వు బాగా నడుపుతావు, కాదనను. కానీ 50వ నంబరు రోడ్డులో ఎకో సమ్మిట్ 7,382 అడుగుల ఎత్తు, అక్కడి నుంచి సరస్సు వైపు ఒకటే దిగుడు. ఘాట్‌లో బ్రేకు మీదే కాలు పెట్టి దిగకూడదు, చిన్న గేరులో ఇంజనే బండిని పట్టుకోవాలి. మారేడుమిల్లి ఘాట్‌లో మన ఆఫీసు జీపు డ్రైవరు ఎలా దిగేవాడో నువ్వు ముందు సీట్లో కూర్చుని చూశావు. ఎమరాల్డ్ బే దగ్గర 89వ నంబరు రోడ్డు మరీ ఇరుకు, మెలికలు, పక్కన లోయ. ఆ బండితో అటు వెళ్లకు. పెట్రోలు బంకులో పైకప్పు ఎత్తు చూసుకుని లోపలికి పోనీ. క్యాంపులో వెనక్కి తీసేటప్పుడు కిందికి దిగి "రా, రా, ఆపు" అని చెయ్యి ఊపే మనిషి ఒకరు ఉండి తీరాలి. పెద్దదానికి పదేళ్లు, బండి వెనక దాన్ని నిలబెట్టకు. అందుకే అడుగుతున్నాను, అల్లుడుగారు ఎందుకు రావట్లేదు?

ఎలుగుబంట్ల సంగతి నీకు తెలిసే ఉంటుంది. తిండి వాసన వస్తే కారు తలుపులు కూడా పీకేస్తాయట. క్యాంపులో ఇచ్చే ఇనప పెట్టెలో అన్నీ పెట్టి గడియ వెయ్యి. ఆవకాయ సీసా, బుజ్జిగాడి బిస్కెట్లు, చివరికి టూత్‌పేస్టు కూడా అందులోనే. మురుగు ట్యాంకులు ఖాళీ చేసేటప్పుడు చేతులకి గ్లౌజులు వేసుకుని ముందు మరుగుదొడ్డిది, తర్వాత సింకు నీళ్లది వదలాలి. అప్పుడు ఆ నీళ్లకి గొట్టం కడిగినట్టవుతుంది.

ఇప్పుడు రాసేది మాత్రం రెండుసార్లు చదువు. 1995 జనవరిలో మనం అరకు వెళ్లాం, నీకు ఏడేళ్లు, తమ్ముడికి మూడు. కిరండోల్ ప్యాసింజర్‌లో సొరంగం వచ్చినప్పుడల్లా నువ్వు అరిచేదానివి, లెక్కపెడుతూ ఇరవై దగ్గర నిద్రపోయావు. ఒక గెస్ట్‌హౌస్‌లో గది ఇచ్చారు. కిటికీ రెక్కకి అద్దం లేదు, అమ్మ పాత పేపర్లు మడిచి కుక్కింది. తలుపు కింద సందులో తుండుగుడ్డ పెట్టింది. తమ్ముడు చలికి వణుకుతుంటే వాచ్‌మన్‌ని అడిగితే బొగ్గుల కుంపటి తెచ్చాడు. వరండాలో పెట్టబోతుంటే నేనే లోపల పెట్టమన్నాను. నిప్పులు ఎర్రగా ఉన్నాయి, చిటికెడు పొగ లేదు. పొగ లేదు కదా, ఏం కాదులే అనుకున్నాను. అర్ధరాత్రి దాటాక "నాన్నా, ఒంటేలు" అని నువ్వు పిలిచావు. వినపడుతోంది, లేవలేకపోతున్నాను. తల మీద బియ్యం బస్తా పెట్టినట్టుంది, కాళ్లు నావి కానట్టున్నాయి. అమ్మని తడితే మూలిగింది గానీ కళ్లు తెరవలేదు. నువ్వు రెండోసారి పిలవలేదు. గోడ పట్టుకుని తూలుకుంటూ వెళ్లి గడియ తీశావు. తలుపు తెరుచుకుని చలిగాలి నా మొహానికి కొట్టింది. నువ్వు గుమ్మంలో కూలబడి వాంతి చేసుకుంటున్నావు, నీ ఎడమ కాలి చెప్పు బోర్లా పడి ఉంది. నేను పాక్కుంటూ వచ్చి తమ్ముణ్ణి లాక్కుని బయట పడేశాను, తర్వాత అమ్మని. చెంప మీద నాలుగు కొడితే గానీ వాడు ఏడవలేదు. వాడి ఏడుపు విన్నాక నాకు ఏడుపొచ్చింది. తెల్లారేదాకా నలుగురం వరండాలో గచ్చు మీద దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాం. అది కార్బన్ మోనాక్సైడ్ అని, దానికి రంగూ వాసనా ఉండవని ఆ తర్వాత ఒక డాక్టరుగారు చెబితే తెలిసింది.

ఆర్‌వీలో జనరేటర్ పొగలో ఉండేదీ అదే. రాత్రి జనరేటర్ ఆపేసి పడుకో. పక్క బండివాళ్లది తిరుగుతుంటే అటు వైపు కిటికీ మూసి, ఇటు వైపుది తీసి ఉంచు. చలేస్తోందని వంట పొయ్యి వెలిగించి వదలకు. లోపల అలారం ఉంటుంది, బండి చేతికిచ్చేటప్పుడే బటన్ నొక్కి మోగుతోందో లేదో చూడు. మోగకపోతే ఆ బండి తీసుకోకు, డబ్బులు పోతే పోనీ.

అరకు నుంచి వచ్చాక ఈ సంగతి నాయనమ్మకి చెప్పొద్దని అమ్మకీ నీకూ ఒట్టు వేయించాను. ఆవిడ గుండె జబ్బు మనిషి, ఎందుకు కంగారు పెట్టడం అనుకున్నాను. నెలన్నర తర్వాత తమ్ముడు "నాన్న నన్ను కొట్టాడు, బయట పడేశాడు" అని ఆవిడ ఒళ్లో కూర్చుని చెప్పేశాడు. నాయనమ్మ తిట్టలేదు. "నువ్వు రోజూ అన్నం సగంలో లేచిపోతుంటే, ఏదో రోగం వచ్చి నా దగ్గర దాస్తున్నావనుకున్నానురా" అంది. ఆ నెలన్నరలో ఆవిడ ఎంత చిక్కిపోయిందో నేను అప్పుడు చూశాను.

2021లో కాల్డార్ అడవి మంటలొచ్చి సౌత్ లేక్ తాహో ఊరంతా ఖాళీ చేయించినప్పుడు, నువ్వు వీడియోలో పొగ పట్టిన ఆకాశం చూపించావు. పెద్దదాన్ని భుజాన ఎత్తుకుని పక్కన అల్లుడుగారు నిలబడి ఉన్నారు. "మాకేం భయం లేదు మావయ్యగారూ" అన్నారు. ఇప్పుడు రెండు నెలల నుంచి ఫోన్‌లో ఆయన గొంతు వినలేదు. ఒకసారి నిద్రపోతున్నారన్నావు, ఒకసారి బజారుకి వెళ్లారన్నావు. మీ ఊళ్లో ఉద్యోగాలు పోతున్నాయని టీవీలో చూస్తున్నాం. అదే అయితే అదేనని చెప్పు, నా బ్యాంకు డిపాజిట్ అక్టోబర్లో తీరుతుంది, దాంతో మాకేం పని లేదు. అది కాక మీ ఇద్దరి మధ్య మాటా మాటా అనుకుని ఉంటే అదీ చెప్పు. నేను ఎవరి తప్పని అడగను. అమ్మకి చెప్పొద్దంటే చెప్పను.

మంటలేమైనా ఉన్నాయేమో బయల్దేరే ముందు కనుక్కో. స్వెట్టర్లు పెట్టుకో, రాత్రిళ్లు ఆగస్టులోనూ చలే. బుజ్జిగాడికి చెవులు కప్పే టోపీ. అక్కడ సిగ్నల్ ఉన్న చోట ఆగి రోజూ సాయంత్రం ఆరింటికి ఒక్క మెసేజ్ పెట్టు. మాకు ఆరున్నర, తెల్లారుతుంది, నేను లేచే ఉంటాను.

అత్తయ్య కొడుకు వచ్చే నెల అటు వస్తున్నాడు. కందిపొడి, పూతరేకులు పంపుతున్నాం. దసరాకి అందరికీ బట్టలు కూడా అతని చేతే పంపాలని అమ్మ అంటోంది. నీకు, పిల్లలకి తీసేసింది. అల్లుడుగారి చొక్కా దగ్గరే ఆగింది. పోయినసారి కొలతే ఉందా, చిక్కారా? ఆయన్నే అడిగి రాయి.

ఆశీస్సులతో,
నాన్న