రాత్రి రెండు గంటలకు ఫోను ఎత్తే నర్సు కావాలి

సంపాదకుడికి,

అయ్యా,

క్యాన్సర్ ఆస్పత్రికి కొత్త యంత్రం వస్తే పత్రికల్లో ఫోటో పడుతుంది. ఆ యంత్రంతో ఇక పని లేదని ఇంటికి పంపేసిన రోగి మంచం దగ్గర ఏం జరుగుతుందో మాత్రం ఎక్కడా రాదు. పక్కన కూర్చుని చూసినదాన్ని కాబట్టి నేను రాస్తున్నాను.

మా అక్కకు రొమ్ము క్యాన్సర్ ఎముకల దాకా పాకాక "ఇక చేయగలిగింది లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అన్నారు. చేతిలో పెట్టిన డిశ్చార్జి కాగితంలో మాత్రల పేర్లు, వాటి పక్కన "నొప్పి వచ్చినప్పుడు" అన్న మాట ఉన్నాయి. నొప్పి రానిదెప్పుడు? తొమ్మిది రోజులు మా తిప్పలు మేం పడ్డాం. పదో రోజున, తెలిసినవారెవరో చెబితే, పాలియేటివ్ కేర్ నర్సు, అంటే తీవ్రమైన జబ్బులో నొప్పిని, బాధను తగ్గించే సేవ చేసే నర్సు ఒకావిడ వచ్చారు.

చేయగలిగింది ఎంత ఉందో ఆవిడ వచ్చాక తెలిసింది. ఆవిడ ముందుగా ఫైలు అడగలేదు. మంచం అంచున కూర్చుని "రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చిందమ్మా?" అని అక్కనే అడిగారు. తీవ్రమైన నొప్పిని తగ్గించే మామూలు మార్ఫిన్ మాత్ర ప్రభావం సుమారు నాలుగు గంటలే ఉంటుంది కనుక నొప్పి లేచేదాకా ఆగకూడదని, గడియారం చూసి వేయాలని చెప్పారు. నడుమ నొప్పి ఎగదన్నితే ఎంత అదనంగా వేయాలో డాక్టరుతో ఫోనులో మాట్లాడి రాసిపెట్టారు. మార్ఫిన్ మొదలైన రోజు నుంచే మలబద్ధకానికి మందు పడాలట. అంతవరకు ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. అలవాటు పడిపోతుందన్న భయంతో మా బావ మాత్రలు దాచేవాడు. ఆవిడ ఆయనను తప్పుపట్టలేదు. క్యాన్సర్ నొప్పికి తగిన మోతాదులో ఇచ్చే మార్ఫిన్ ఆయుష్షును తగ్గించదని, మొదట్లో వచ్చే మగత కొద్ది రోజుల్లో సర్దుకుంటుందని, ఒకటికి రెండుసార్లు ఓపిగ్గా చెప్పారు.

అన్నిటికన్నా నాకు గుర్తుండిపోయింది పుండు సంగతి. రొమ్ము మీది గడ్డ పగిలి వాసన వచ్చేది. అక్క తన గది తలుపు తనే మూయించేది, మనవరాలిని గడప దాటనిచ్చేది కాదు. నర్సు ఆ పుండును సెలైన్‌తో కడిగి, మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ మాత్రను మెత్తగా నూరి మీద చల్లి కట్టు కట్టారు. రోజూ అలా ఎలా కట్టాలో నాకు నేర్పారు. నాలుగైదు రోజులకు వాసన తగ్గింది. ఒక సాయంత్రం అక్క తలుపు తీయమంది. పిల్ల వెళ్లి ఆమె పక్కన పడుకుని కబుర్లు చెప్పింది. ఇంత చిన్న సంగతిని డిశ్చార్జి రోజునే ఎవరైనా చెప్పి ఉంటే, అక్క అన్ని రోజులు ఆ మూసిన గదిలో ఉండేది కాదు.

కానీ నర్సు వచ్చేది వారానికి రెండుసార్లు, అదీ పగటిపూట. క్యాన్సర్‌కు పనివేళలుండవు. ఒక రాత్రి రెండు గంటలకు అక్క గొంతులో గురగుర మొదలైంది. పిలిస్తే పలకలేదు. ఊపిరాడడం లేదేమోనని హడలిపోయి నర్సుకు ఫోను చేశాం. అది మోగి మోగి ఆగిపోయింది. ఆవిడను తప్పనను, పగలంతా ఇళ్లు తిరిగిన మనిషి రాత్రి నిద్రపోదా? అంబులెన్సు పిలిచాం. ఇంట్లోనే పోతానని పదేపదే చెప్పిన మా అక్క తెల్లవారేలోగా క్యాజువాలిటీలో, ముఖానికి మాస్కు బిగించి ఉండగా పోయింది. తర్వాత నర్సు చెప్పారు: అది చివరి గంటల్లో మింగే శక్తి లేక గొంతులో చేరిన తడి చేసే చప్పుడని, స్పృహ లేని మనిషిని అది బాధపెడుతుందని వైద్యులు అనుకోవడం లేదని, ఒక పక్కకు తిప్పి పడుకోబెడితే చాలావరకు తగ్గుతుందని. ఆ నాలుగు మాటలు ఆ రాత్రి ఫోనులో చెప్పేవారు ఉంటే మేం ఆమెను కదిపేవాళ్లం కాదు.

ఇది మా ఒక్క ఇంటి గోడు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచవ్యాప్తంగా ఏటా 5 కోట్ల 68 లక్షల మందికి ఇలాంటి సేవ అవసరం. అందుతున్నది నూటికి 14 మందికే. దీన్ని వైద్య వ్యవస్థలో భాగం చేయాలని 2014లోనే ఆ సంస్థ సభ్యదేశాలు కూర్చునే ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానించింది. డాక్టర్లు చాలరన్న జవాబు నాకు రుచించదు. ఉగాండాలో 2004 నుంచి, ఈ పనిలో శిక్షణ పొందిన నర్సులే మార్ఫిన్ ద్రావణం రాసివ్వడానికి చట్టం ఒప్పుకుంటోంది. 1967లో లండన్‌లో చివరి దశ రోగులను చూసుకునే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను స్థాపించిన సిసిలీ సాండర్స్ డాక్టరు కాకముందు నర్సే. ఆ హాస్పిస్ 1969లోనే ఇళ్లకు మనుషులను పంపడం మొదలుపెట్టింది. మార్ఫిన్ దారి తప్పుతుందనే భయం ఉంటే తాళం, రిజిస్టరు, మాత్రల లెక్క పెట్టండి. ఆ భయంతో రోగిని ఏడిపించడం మాత్రం పరిష్కారం కాదు.

ఇంకొక మాట. "ఇంటి దగ్గర చూసుకోవడమే మేలు" అని అధికారులు అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. చూసుకునేది ఎవరు? రెండు గంటలకోసారి రోగిని పక్కకు తిప్పేది, ఎండిన పెదవులు తడిపేది, పక్క బట్టలు మార్చేది చాలా ఇళ్లలో ఒక ఆడమనిషే. నర్సు లేని ఇంటి సంరక్షణ అంటే ఆస్పత్రి తన పనిని ఆమె నెత్తిన పెట్టి చేతులు దులుపుకోవడమే.

కాబట్టి ఆరోగ్య శాఖను నేను అడిగేది ఇది. వ్యాధి ముదిరిందని తేలిన రోజునే, చివరి వారం దాకా ఆగకుండా, ఆ ఇంటికి ఒక నర్సును కేటాయించండి. మోతాదు మార్చే అధికారం ఆ నర్సుకు ఇవ్వండి. మింగలేని స్థితి వస్తే చర్మం కింద ఇవ్వాల్సిన ఇంజెక్షన్లు ముందే ఆ ఇంట్లో ఉంచండి. రాత్రివేళ నర్సులను వంతులవారీగా ఫోను దగ్గర కూర్చోబెట్టి, ఆ నంబరును డిశ్చార్జి కాగితం మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేయండి, కళ్లజోడు వెతుక్కునే పని లేకుండా.

ఇట్లు,
ఒక పాఠకురాలు