దడ వచ్చిన రోజు తీసి చదువుకో

చిట్టితల్లీ,

ఫోన్లో చెబితే సగం గుర్తుండదని రాసి పంపిస్తున్నాను. చేతికందే చోట పెట్టుకో.

ఏదో ముంచుకొస్తోందని మనసుకు తోచగానే ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోన్ పెరుగుతుంది. గుండె దడ, చెమట, కడుపులో తిప్పడం, చేతుల వణుకు అన్నీ దాని పనే. అప్పుడు గబగబా ఊపిరి పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. వేళ్లు తిమ్మిరెక్కడం, తల తేలిపోవడం, ఊపిరి అందనట్టుండడం అందుకే. కాబట్టి "గట్టిగా గాలి పీల్చు" అని ఎవరు చెప్పినా వినకు, ఇంకా ఎక్కువవుతుంది.

నువ్వు దృష్టి పెట్టాల్సింది ఊపిరి వదలడం మీద. 4 లెక్కపెట్టేంతసేపు ముక్కుతో మెల్లగా తీసుకో. 6 లెక్కపెట్టేంతసేపు, దీపం రెపరెపలాడాలి గానీ ఆరిపోకూడదు అన్నట్టు, పెదాలు ముడిచి వదులు. ఊపిరి తీసుకునేటప్పుడు గుండె కాస్త వేగం పుంజుకుంటుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. అందుకే వదిలే సేపు ఎక్కువుండాలి. పొట్ట మీద చెయ్యి పెట్టుకో, అది లేవాలి, భుజాలు లేవకూడదు. ఇలా 5 నిమిషాలు. మధ్యలో "తగ్గిందా, తగ్గిందా" అని చూసుకోకు, ఆ చూసుకోవడమే ఇంకో కంగారు. బాగున్న రోజుల్లోనే పొద్దునా రాత్రీ అలవాటు చేసుకుంటేనే దడ వచ్చినప్పుడు ఒళ్లు మాట వింటుంది. ఎంత పెద్ద దడైనా సాధారణంగా 10 నిమిషాల్లో పతాకస్థాయికి చేరి, ఆపైన దిగడం మొదలుపెడుతుంది.

ఆలోచనలు సుడి తిరుగుతుంటే వాటికి రోజూ ఒక వేళ పెట్టు. సాయంత్రం 20 నిమిషాలు చాలు, పడుకునే ముందు మాత్రం వద్దు. కాగితం మధ్యలో నిలువుగీత గీసి, నా చేతిలో ఉన్నవి ఒకవైపు, లేనివి రెండోవైపు రాయి. మొదటివైపు "పరీక్ష" అని రాసి వదిలేస్తే లాభం లేదు. "రేపు 7 గంటలకు మూడో పాఠంలో మొదటి 5 లెక్కలు" అని రాయాలి. మిగతా రోజంతా ఏ దిగులొచ్చినా ఒక్క మాటలో రాసుకుని సాయంత్రానికి వాయిదా వెయ్యి.

అసలు చెప్పాలనుకున్నది ఇది. భయమేసిన పనల్లా తప్పించుకుంటే ఆ పూట హాయిగా ఉంటుంది. కానీ "తప్పించుకున్నాను కాబట్టే బతికాను" అని మనసు నేర్చుకుంటుంది, మర్నాటికి భయం ఇంకాస్త పెద్దదవుతుంది. నలుగురిలో మాట్లాడటం భయమనుకో. దాన్ని మెట్లుగా విడగొట్టి ఒక్కోదానికి 10కి ఎంత భయమో మార్కు వెయ్యి. 3 లేదా 4 ఉన్న మెట్టుతో మొదలుపెట్టు, అంటే ఇద్దరి మధ్య ఒక ప్రశ్న అడగడం లాంటిది. భయం సగానికి దిగేదాకా అక్కడే ఉండు. భయం మంచి ఊపులో ఉన్నప్పుడు లేచి వచ్చేస్తే మళ్లీ మొదటికొస్తుంది. అదే మెట్టు చప్పగా అనిపించేదాకా వారంలో నాలుగైదుసార్లు ఎక్కు. తొందరపడి 9 దగ్గరికి దూకడం వల్లే చాలామంది మధ్యలో మానేస్తారు.

"ఏం కాదు కదమ్మా" అని పదే పదే అడగడం కూడా తప్పించుకోవడమే, తల్లీ. ఇకమీదట దానికి ఒక్కసారే జవాబు చెబుతాను. రెండోసారి అడిగితే "ఇప్పుడు 10కి ఎంతుంది?" అని అడుగుతాను. కోపం వచ్చిందనుకోకు.

కాఫీ మధ్యాహ్నం తర్వాత వద్దు. తాగిన అయిదు గంటలకు కూడా అందులో దాదాపు సగం కెఫీన్ ఒంట్లోనే ఉంటుంది. 20 నిమిషాలైనా నిద్ర పట్టకపోతే మంచం దిగి, మసక వెలుతురులో కూర్చుని, నిద్ర ముంచుకొచ్చాకే మళ్లీ పడుకో. ఎప్పుడు పడుకున్నా ఒకే వేళకు లే.

ఛాతీ నొప్పి చేతికో దవడకో పాకినా, స్పృహ తప్పినా ఈ కసరత్తులేవీ చేస్తూ కూర్చోకు, వెంటనే ఆసుపత్రికి వెళ్లు. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా ఇలాంటి దడే వస్తుంది, ఒకసారి రక్తపరీక్ష చేయించు. దిగులు వారాల తరబడి వదలక చదువునీ నిద్రనీ తినేస్తుంటే మానసిక వైద్యుల దగ్గరికి వెళ్దాం. మందులు రాస్తే వాటి పని తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, నీ అంతట నువ్వు హఠాత్తుగా ఆపకు.

బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే మాత్రం సాయంత్రానికి వాయిదా వెయ్యకు. అర్ధరాత్రయినా ఫోన్ చెయ్యి. ఎన్నిసార్లయినా ఎత్తుతాను.

అమ్మ