చిన్ననాటి గాయం గురించి కూడా అడగండి

సంపాదకుల వారికి నమస్కారం.

నారాయణపేట ప్రాంతం నుంచి ముంబై, పుణెలకు వలసపోయే కుటుంబాల పిల్లలకు చాలా ఏళ్లు చదువు చెప్పిన వాడిగా ఈ లేఖ రాస్తున్నాను. తండ్రి తాగొచ్చి తల్లిని కొడుతుంటే జొన్న బస్తాల వెనుక దాక్కునే పిల్లవాడొకడు నా తరగతిలో ఉండేవాడు. తలుపు గట్టిగా చప్పుడైతే చాలు, చేతిలోని పలక జారవిడిచేవాడు. ముప్పై దాటిన అతడు మొన్న కలిసి, రాత్రిళ్లు నిద్ర పట్టదనీ, కన్నకూతురిని ఎత్తుకోవాలన్నా మనసు రాదనీ చెప్పాడు. మూడేళ్లుగా ఒళ్లునొప్పులకు మందులు వాడుతున్నా, చిన్నతనం ఎలా గడిచిందని ఒక్క డాక్టరూ అడగలేదట.

అమెరికాలో ఫెలిట్టి, ఆండా అనే వైద్యుల బృందం 9,508 మంది పెద్దలను ప్రశ్నించి 1998లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, కొట్టడం, లైంగిక హింస, తల్లిపై దాడి, ఇంట్లో తాగుడు వంటి ఏడు రకాల చిన్ననాటి అనుభవాల్లో నాలుగైనా చవిచూసిన వారికి డిప్రెషన్, ఆత్మహత్యాయత్నం, మద్యం, మాదకద్రవ్యాల వ్యసనం ముప్పు, అవేవీ ఎరగని వారికంటే 4 నుంచి 12 రెట్లు ఎక్కువ. అలాంటి పిల్లలందరూ కుంగిపోతారని కాదు. అండగా నిలిచే పెద్దమనిషి ఒక్కరున్నా తట్టుకున్నవారిని నేనే చూశాను.

పాలమూరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్‌లతోపాటు మనసు సంగతీ అడగాలని, మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416, బాలల సహాయ నంబరు 1098 ప్రతి బడి గోడపైనా రాయించాలని అధికారులను కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నారాయణపేట జిల్లా