రౌడీషీటు కంటే ముందు ఒక మనిషి చేరాలి: హోం శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ హోం శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను విజయవాడలో చాలా ఏళ్లు బడిపంతులుగా పనిచేసి రిటైరైనవాణ్ని. కుర్రవాళ్ల ముఠా కొట్లాటలను కేసు దాకా పోకముందే ఆపగల మనుషులను పేటల్లో నిలపమని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. 2020 మే నెలాఖరున పటమటలో రెండు ముఠాలు కత్తులతో తలపడి ఒకరు ప్రాణం కోల్పోయిన ఘటన తమకు గుర్తుండే ఉంటుంది. ఒక అపార్ట్‌మెంటు సెటిల్‌మెంటు తగాదాయే దానికి మూలమని అప్పట్లో వార్తలు వచ్చాయి. మా వీధుల్లో జరిగే కొట్లాటలకు అంతపాటి కారణం కూడా అక్కర్లేదు. టీకొట్టు దగ్గర ‘ఏంట్రా చూస్తున్నావ్’ అన్న ఒక్క మాట చాలు, రాత్రికి బైకులు దిగుతాయి, జేబుల్లోంచి బ్లేడ్లు వస్తాయి.

నిరుడు మా సందులో అలాంటి రాత్రే ఒకటి గడిచింది. రెండు బ్యాచ్‌లూ ఎదురెదురు నిలబడితే, ఇరువైపుల తల్లులనూ ఎరిగిన ఒక ఆటోడ్రైవరు మధ్యకు వెళ్లి, పెద్దగా అరిచేవాడి భుజం మీద చెయ్యి వేసి, ‘మీ అమ్మ ఇంకా అన్నం తినలేదురా, పద’ అని ఆటో ఎక్కించుకుని వెళ్లిపోయాడు. పోలీసు వాహనం తరవాత వచ్చింది. ఆ కుర్రవాడి మీద కేసు పడలేదు కనుక ఈ సంగతి ఏ రికార్డులోనూ లేదు.

కేసు పడితే ఏమవుతుందో కూడా నేను చూశాను. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల కేసు వారి భవిష్యత్తుకు అడ్డు కాకూడదని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కొన్ని మినహాయింపులతో చెబుతున్నా, పేటలో పడిన ముద్ర మాత్రం చెరగదు. పద్దెనిమిది దాటాక రౌడీషీటు తెరిస్తే ఉద్యోగం ఇచ్చేవాడు వెనక్కు తగ్గుతాడు, బ్యాచ్‌లో మాత్రం వాడి పరపతి పెరుగుతుంది.

స్కాట్లాండులోని గ్లాస్గో ఒకప్పుడు కత్తిపోట్లకు పేరుపడ్డ నగరం. అక్కడి పోలీసులే 2005లో ఒక హింసా నివారణ విభాగాన్ని నెలకొల్పి, ఈ జాడ్యాన్ని అంటువ్యాధిలా చూడటం మొదలుపెట్టారు. 2008లో ముఠా కుర్రవాళ్లను కోర్టు హాలుకు పిలిపించారు, అయితే విచారణకు కాదు. గాయాలకు కుట్లు వేసే వైద్యుడు, కత్తి దాడికి గురైన బాలుడి తల్లి వారితో మాట్లాడారు. మళ్లీ కొట్లాటకు దిగితే ముఠా మొత్తాన్నీ వదలబోమని పోలీసులు చెప్పారు, మానుకుంటామనేవారికి చదువుకూ పనికీ దారి చూపే ఫోన్ నంబరు ఇచ్చారు. స్కాట్లాండులో 2004–05లో 137 మంది హత్యకు గురికాగా, దశాబ్దం తిరిగేసరికి ఆ సంఖ్య సగానికంటే కిందికి వచ్చింది. అదంతా ఆ సభల పుణ్యమేనని నేను అనను. కానీ లాఠీ ఒక్కటే సాధించింది కాదని మాత్రం తెలుస్తోంది.

మనకు కొత్త చట్టం అవసరం లేదు. మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్ ప్రకారం, వాడకం కేసులోనో స్వల్ప పరిమాణం కేసులోనో చిక్కిన వ్యసనపరుడు తనంతట తాను చికిత్సకు ముందుకొస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది, కానీ గంజాయికి అలవాటుపడ్డ కొడుకును దాచుకునే ఏ తల్లికీ ఆ మాట చెప్పేవారు లేరు. ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీకి కత్తిగాటుతో వచ్చినవారి పేర్లు వదిలేసి, ఏ పేటలో, ఏ వేళ, దేనితో గాయమైందో మాత్రం నెలనెలా పోలీసులకు అందిస్తే, ఏ మలుపులో ఆ ఆటోడ్రైవరు లాంటి మనుషులు నిలబడాలో తెలుస్తుంది. బ్రిటన్‌లోని కార్డిఫ్ నగరంలో ఈ పద్ధతి ఏళ్లుగా నడుస్తోంది.

ఆ నిలబడే మనుషులకు నెల జీతం ఇవ్వండి. వారిని వార్డు సచివాలయం నుంచి కాకుండా పేటలోంచే ఎంచండి, అలా ఎంచినవారిని ఇన్‌ఫార్మర్లుగా వాడుకోవద్దని స్టేషన్లకు లిఖితపూర్వకంగా ఆదేశించండి. ఈ చివరి మాట ఎందుకు పట్టుబట్టి అడుగుతున్నానంటే, ఆ ఆటోడ్రైవరు మర్నాడు పొద్దున్నే మా ఇంటికి వచ్చి అడిగిన ప్రశ్న ఒక్కటే: ‘మాస్టారూ, పోలీసులు నన్ను సాక్షిగా రాస్తారా?’

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు,
విజయవాడ.